పంది చాపు ముక్కలు: కుటుంబ భోజనమునకు కొన్ని క్రొత్త పద్ధతులు



దసరా పండుగనాడును, చుట్టపక్కములు వచ్చినపుడును పందిమాంసము వండుకొను కుటుంబములు కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల గ్రామములలో అనేకములు గలవు. ముట్టనివారును అనేకులు గలరు. 2016 సంవత్సరమున ఈ రెండు జిల్లాలు పెక్కు జిల్లాలుగా విడివడినను, తిండి విషయమున జగిత్యాలకును మంచిర్యాలకును, పెద్దపల్లికిని ఆసిఫాబాదునకును భేదము స్వల్పమే. మాంసము ముట్టని సభ్యులు ఈ వ్యాసమందలి వంటలను విడిచిపెట్టవచ్చును. కాని నడుమ బద్దెపురుగును గుఱించి వ్రాసిన భాగమును మాత్రము వారును తప్పక చదువవలెనని మా ప్రార్థన. ఆ సంగతి పందిమాంసము నెన్నడును చూడని యింటికి గూడ సంబంధించినది.

వ్యవసాయ ప్రదర్శకులమగు మాకు వంటను గుఱించి వ్రాయుటకు అధికారమేమని కొందఱడుగవచ్చును. విత్తనమును ఎరువును చూపువాడు, ఆ కష్టము చివరకు చేరు కంచమును గూడ చూడవలదా? మాంసము వెల యేటేట పెరుగుచున్నది. అంత వెల పెట్టి కొన్న మాంసములో శ్రేష్ఠమైన భాగమును మనము తెలియక పాడుచేయుచున్నామని మా యభిప్రాయము.

మన గ్రామములలో పందిని కోసి పోగులు వేయుదురు. ప్రతి పోగునందును కొంత తోలు, కొంత కొవ్వు, కొంత ఎముక, కొంత మెత్తని కండ సమముగా పడవలెననుట న్యాయమే. ఎవరికిని అన్యాయము జరుగదు. కాని ఆ పోగు ఇంటికి వచ్చిన పిమ్మట అంతయు నొకే కుండలో పడుచున్నది. తోలు ఉడుకుటకు గంటన్నర పట్టును. కాలి కండకును భుజపు కండకును గంటకు పైగా పట్టును. వెన్నుప్రక్క కండకు అందులో సగము కాలము చాలును. తోలు మెత్తబడువఱకు కుండను దింపరు గనుక, వెన్నుకండ పీచుపీచై, నోటిలో కొబ్బరిపీచువలె తిరుగును. పిల్లలు దానిని నమిలి నమిలి ప్రక్కన పెట్టుదురు. తల్లి ఆ ముక్కను చూచి, మాంసము ముదురుదని అమ్మినవానిని తిట్టును. దోషము వానిది కాదు.

చాపు ముక్క యనునది ఈ వెన్నుకండయే. మెడ క్రిందినుండి నడుము వఱకు వెన్నుపూసకు ఇరుప్రక్కల సాగు పొడుగాటి కండపట్టెను, ప్రక్కటెముక దానికి అంటుకొని యుండగనే, అడ్డముగా పలకలుగా నరికినచో చాపు ముక్కలగును. పొట్టేలు మాంసమున దీనిని కోరి కొనువారు మన పట్టణములలో గలరు. పందిమాంసమున మాత్రము అడుగువారు అరుదు. జంతువు నడచునపుడు కాళ్లును భుజములును ఎక్కువ పనిచేయును గనుక అచ్చటి కండలో నరములు, జిగురుపొరలు హెచ్చు. ఆ జిగురు సన్నని మంటపై చాలసేపు ఉడికిననే కరగి మెత్తనగును. వెన్నుకండ అంతగా శ్రమపడదు. అందు జిగురు తక్కువ. దానిని ఎక్కువసేపు ఉడికించినకొలది కరగుటకు లోపల ఏమియు లేక, ఉన్న తడి మాత్రము పిండిన బట్టనుండి నీరువలె వెలికి పోవును. ఈ యొక్క సంగతి తెలిసినచో వంటలో సగము తెలిసినట్లే.

మే మీ సంగతిని పుస్తకమున చదివి, రెండేండ్ల క్రిందట జగిత్యాల ప్రాంతపు ఒక గ్రామమున పదునైదుమంది తల్లుల యెదుట వండి చూపుటకు సాహసించితిమి. మిషను బడి వసతిగృహమున చదువుకొన్న దినములలో క్రిస్మసునాడు ఈ ముక్కలను ఇనుప పళ్లెముపై కాల్చి పెట్టగా తిన్న జ్ఞాపకము మాకు కలదు. ఆ రుచిని తలచుకొని, పెనము ఎఱ్ఱగా కాల్చి, పలుచని ముక్కలను దానిపై పఱచితిమి. లోపల పచ్చిగా నుండునేమోయను భయముచే మాటిమాటికి త్రిప్పుచు, అదుముచు, ఇరువది నిమిషములు కాల్చితిమి. దింపి చూడగా అవి చెప్పు అడుగునకు కుట్టదగిన స్థితిలో నున్నవి. ఎవరును నవ్వలేదు. ఆ మర్యాదయే మాకు ఎక్కువ బాధ కలిగించినది.

ఆ గుంపులో ఎరుకల కులమునకు చెందిన వృద్ధురాలొకతె యుండెను. ఆమె తరతరములనుండి పందులను పెంచిన కుటుంబపు మనిషి. ఆమె ముక్కను చేతితో విఱిచి చూచి, “బిడ్డా, మంట మీద ఉడకదిది, మూత కింద ఉడుకుతది. నీ తొందర నువ్వు పొయ్యికి చెప్పినవ్” అని పలికినది. పిమ్మట ఆమెయే మిగిలిన ముక్కలను తీసికొని, పెనముమీద ఇరువైపుల రెండేసి నిమిషములు మాత్రము వేడిచేసి, చింతపండు పులుసు చల్లి, మూతపెట్టి, మంట తగ్గించి, ఊరకే కూర్చుండినది. అర్ధగంట గడచినది. మూత తీసినపుడు ముక్క ఎముకనుండి చేతితో తీసిన నూడివచ్చుచున్నది. ఈ క్రింద వ్రాయు పద్ధతులలో మొదటిది ఆమెదే. మేము కొలతలు మాత్రము చేర్చితిమి.

ఇక కొనుటను గుఱించి. పోగు కొనువారు వెన్నుముక్కలను వేఱుగా కోయుమని ముందే చెప్పవలెను. నలుగురైదుగురు సభ్యులు కలసి కొన్నచో ఒకరు వెన్ను, ఒకరు భుజము, ఒకరు పొట్టభాగము పుచ్చుకొని, మఱుసారి మార్చుకొనవచ్చును. ఇట్లయిన పోగులలో అన్యాయ ముండదు, కుండలో పాడగుట యుండదు. ముక్క మందము బొటనవ్రేలి వెడల్పునకు తగ్గరాదు, మక్కపిండి అద్ది వేయించు ముక్కలు తప్ప. అంచున నున్న కొవ్వును పూర్తిగా చెక్కివేయక, అర వ్రేలి మందము ఉంచవలెను. ఉడుకునపుడు అది కరగి ముక్కను తడిగా నుంచును. తినునపుడు తీసివేయదలచినవారు తీసివేయవచ్చును.

మాంసపు రంగు లేత ఎఱుపుగా, కొవ్వు తెల్లగా గట్టిగా నుండవలెను. వ్రేలితో అదిమిన గుంట వెంటనే పైకి లేవవలెను. జిగటయు పులిసిన వాసనయు నున్నచో వెల యెంత తగ్గించినను కొనరాదు. వెంట్రుకలు కాల్చుటకు వరిగడ్డి వాడుట పూర్వాచారము. కొన్నిచోట్ల పాత రబ్బరు చక్రములను తగులబెట్టి ఆ మంటపై కాల్చుచున్నారు. ఆ పొగలోని విషములు తోలునకు అంటుకొనును. అట్టి మాంసమును ఒల్లమని నిర్మొగమాటముగా చెప్పవలెను. కొనువాడు వలదన్ననాడు అమ్మువాడు మానును. ఇంకొక మాట. అడవిపంది మన మక్కచేలను పాడుచేయుట నిజమే, రైతు కోపమును నిజమే. కాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దానిని వేటాడుటయు, దాని మాంసము తెచ్చి వండుటయు నేరము. ఈ వ్యాసము పెంపుడు పందిని గుఱించియే.

ఇప్పుడు బద్దెపురుగు సంగతి.

మా యెఱుకలోని ఒక రైతు కుటుంబమున పదునొకండేండ్ల బాలునకు అకస్మాత్తుగా మూర్ఛలు వచ్చినవి. బడిలో పలక చేతనుండగనే పడిపోయెను. ఇంటివారు మొదట గాలి సోకినదని తలచి తాయెత్తు కట్టించిరి. మూడు నెలలు అట్లే గడచినవి. పిమ్మట పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోగా, తలకు తీసిన స్కానులో మెదడునందు చిన్న తిత్తి యొకటి కానవచ్చినది. అది పందిబద్దెపురుగు పిల్లదశ అని డాక్టరుగారు చెప్పిరి. తండ్రి నిర్ఘాంతపోయెను. వారి వంశమున పందిమాంసము ముట్టినవా రెవరును లేరు. డాక్టరుగారు పొరబడిరనియే ఆయన చాలకాలము నమ్మెను. డాక్టరుగారు పొరబడలేదు.

ఈ పురుగు తిరుగు దారిని రైతులు చక్కగా గ్రహింపవలెను. పెద్దపురుగు మనుష్యుని ప్రేగులో నివసించును. అది రెండు మొదలు ఏడు మీటర్ల వఱకు పొడవు పెరుగును. దాని గ్రుడ్లు మనుష్యుని మలముతో బయట పడును. బయలు మలమును పంది తినినపుడు ఆ గ్రుడ్లు దాని కడుపున పగిలి, పిల్లలు నెత్తురు వెంట కండలకు చేరి, అచ్చట తెల్లని తిత్తులుగా నిలుచును. ఆ కండను సరిగా ఉడికింపక తిన్న మనుష్యుని ప్రేగులో మరల పెద్దపురుగు పెరుగును. ఇది ఒక దారి. ఈ దారిలో మనుష్యునకు కలుగు బాధ అంత ఘోరమైనది కాదు. రెండవ దారియే ఘోరము. పురుగున్న మనుష్యుని మలమునుండి గ్రుడ్లు చేతిగోళ్లకు, నీటికి, మడిలోని కొత్తిమీరకు, ఉల్లికాడలకు అంటుకొని, మఱియొక మనుష్యుని నోట పడినచో, ఆ గ్రుడ్లు పంది కండలో చేసిన పనినే మనుష్యుని కండలోను, కంటిలోను, మెదడులోను చేయును. మెదడున తిత్తి నిలిచిన మూర్ఛలు వచ్చును. ఈ పురుగు ప్రబలముగా నున్న ప్రదేశములలో మూర్ఛ రోగులలో సుమారు నూటికి 30 మందికి ఇదియే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు.

కావున పందిమాంసము తిన్నవానికి ప్రేగులో పురుగు వచ్చును. వాని చేతులు కడుగుకొననితనమువలన, తినని పొరుగువాని బిడ్డకు మెదడులో తిత్తి వచ్చును. ఆ బాలుడు తిన్నది కడుగని కొత్తిమీరయో, ముల్లంగియో, ఎవరి చేతినుండియో వచ్చిన మిఠాయియో తెలియదు. పందిని నిందించి లాభము లేదు. మన మలమును తినకుండిన పందికి ఈ పురుగు రానేరదు. 2014 మొదలు మన గ్రామములలో మరుగుదొడ్లు విరివిగా కట్టబడినవి. వానిలో ఎన్నింటియందు పిడకలును కట్టెలును నింపబడియున్నవో సభ్యులే తమ వీధిలో నడచి లెక్కించుకొనవచ్చును.

ఆ బాలుడు మందులు వాడి ఇప్పుడు బడికి పోవుచున్నాడు. ఇట్టి జబ్బునకు మందు గలదు. కాని దానిని డాక్టరు చేతిమీదుగనే వాడవలెను. పురుగుమందే గదా యని దుకాణమున కొని మ్రింగినచో, తెలియక మెదడున తిత్తులున్నవారికి ఆ మందువలననే మూర్ఛ రావచ్చును. మలములో తెల్లని నాడామక్కలవంటి తునకలు కనబడినవారు సిగ్గుపడక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను.

మాంసములోని తిత్తులను కంటితో చూడవచ్చును. కోసిన కండపై బియ్యపు గింజ మొదలు సెనగ గింజ పరిమాణముగల, ముత్యమువలె మెఱయు నీటిబుగ్గలు కనబడిన ఆ మాంసమును కొనరాదు. కొన్నవారు పాతిపెట్టవలెను. పందులను పెంచువారిలో అనుభవజ్ఞులు నాలుక క్రింద వ్రేలితో తడిమి చూచి బుగ్గలున్నవో లేవో చెప్పగలరు. తిత్తులు స్వల్పముగా నున్నపుడు ఈ పరీక్షలకు దొరకకపోవచ్చును గనుక, చివరి రక్షణ నిప్పే.

ఎంత వేడి చాలును? 2011 సంవత్సరమున అమెరికా వ్యవసాయ శాఖవారు, అంతకుముందు పందిమాంసపు పెద్దముక్కలకు చెప్పుచుండిన 71 డిగ్రీల సెంటిగ్రేడును తగ్గించి, ముక్క నడుమ 63 డిగ్రీలు వచ్చి, దింపిన పిమ్మట మూడు నిమిషములు ఉంచిన చాలునని ప్రకటించిరి. అచ్చటి పందులు గదులలో పెరుగును. ప్రతి కళేబరమును పరీక్షకుడు చూచును. మన వీధులలో తిరుగు పందికి ఆ కొలత వర్తింపదు. మనము 71 డిగ్రీలకు తక్కువ కాకుండ వండుకొనవలెను. సూదివంటి ఉష్ణమాపకములు ఇప్పుడు పట్టణములలో దొరకుచున్నవి. ఒకటి కొని నలుగురు వాడుకొన్నను మంచిదే. సూదిని ఎముకకు తగులకుండ కండ నడుమకు గ్రుచ్చవలెను. అది లేనివారు ఎముక ప్రక్కన కోసి చూచి, రసము తేటగా నుండి, ఎఱుపు పూర్తిగా పోయిన పిమ్మట ఇంకను అయిదు నిమిషములు మూతక్రింద ఉంచవలెను. పెనముపై నూనెలో వేయించు ముక్కలకే ఈ జాగ్రత్త యంతయు. పులుసులో అర్ధగంట తెర్లిన ముక్కకు భయము లేదు. పచ్చిమాంసము కోసిన కత్తితోను పలకతోను ఉల్లిగడ్డలు కోయరాదు.

ఇట్లు పూర్తిగా ఉడికించుచునే తడి పోకుండ కాపాడుట యెట్లు? మొదటి ఉపాయము ఉప్పునీరు. ఒక లీటరు నీటిలో సుమారు 50 గ్రాముల ఉప్పును, చిన్న బెల్లపు ముక్కను కరగించి, చల్లని నీడపట్టున ముక్కలను అందులో ఒక గంట ఉంచవలెను. శీతలపెట్టె యున్నవారు రెండు గంటలు ఉంచవచ్చును. ఉప్పు కండలోనికి ఇంకి, అందలి మాంసకృత్తులను కొంత సడలించి, నీటిని పట్టియుంచును. వేడి తగిలినను ఆ నీరు తొందరగా వీడదు. తీసిన పిమ్మట పొడిబట్టతో గట్టిగా అద్దవలెను. తడి ముక్క పెనముపై ఆవిరి చిమ్మునే గాని ఎఱ్ఱబడదు. ఇట్లు ఊఱిన ముక్కకు మరల ఉప్పు వేయరాదు. వేసినవారు మమ్ము తిట్టకుందురు గాక.

కొందఱు మాంసమును మొదట నీటిలో ఉడికించి, వాసన పోవునని, కొవ్వు పోవునని ఆ నీటిని పారబోయుదురు. అది మిక్కిలి నష్టము. పందిమాంసమునందు బి1 విటమిను ఇతర మాంసములకన్న హెచ్చు. మిల్లుబియ్యము తినువారికి అది మిక్కిలి అవసరము. అది నీటిలో కరగును. నీరు పారబోసినచో వెల పెట్టి కొన్నది మోరీ పాలగును. కొవ్వు వలదన్నవారు పులుసు చల్లాఱిన పిమ్మట పైన పేరిన దానిని గరిటెతో తీయవచ్చును.

ఇక వృద్ధురాలి పద్ధతి. ఆఱుగురికి ఒక కిలో చాపు ముక్కలు, అనగా ఎనిమిదో తొమ్మిదో. ఉప్పునీటినుండి తీసి ఆరబెట్టి, ఒక చెంచా పసుపు, రెండు చెంచాల కారము, రెండు చెంచాల అల్లము ఎల్లిగడ్డ ముద్ద పట్టించి పావుగంట ఉంచవలెను. మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతపు కొమ్ముపసుపు ఇంట కొట్టినదైన రంగును వాసనయు వేఱుగా నుండును. మందమైన ఇనుప మూకుడులో మూడు గరిటెల పల్లినూనె బాగుగా కాగిన పిమ్మట, ముక్కలను ఒకదానికొకటి తగులకుండ పెట్టి, కదపక, ఒక్కొక్క వైపు రెండు నిమిషములు ఉంచి తీయవలెను. అన్నియు ఒకమాఱే పోసిన నూనె చల్లబడి ముక్కలు నీరు విడుచును. ఆ కొవ్వులోనే మూడు ఉల్లిగడ్డలను సన్నగా తఱిగి ఎఱ్ఱగా వేయించి, కరివేపాకు వేసి, నిమ్మకాయంత చింతపండు పిసికిన పులుసును, ఒక గిన్నెడు వేడినీటిని పోసి, అడుగున అంటిన మాడుపొరను గరిటెతో గోకవలెను. రుచి యంతయు ఆ పొరలో నున్నది. ముక్కలను మరల పెట్టి, బరువైన మూత మూసి, మంటను బుడగ యొకటి తరువాత నొకటి లేచునంతకు తగ్గించి, ముప్పదియైదు మొదలు నలువది నిమిషములు ఉంచవలెను. చివర వేయించి నూఱిన ధనియములు, గసాలు, కుడుక ముద్ద రెండు చెంచాలు కలిపి, అయిదు నిమిషములు ఉంచి దింపవలెను. జొన్నరొట్టెతో దీనికి సాటి లేదు. కుక్కరు వాడు తల్లులు భుజపు ముక్కలకు వాడుకొనవచ్చును. వెన్నుముక్కలకు వలదు.

గోవాలో పోర్చుగీసువారు తెచ్చిన వెల్లుల్లి ద్రాక్షసారాయి పద్ధతినుండి పుట్టిన వింధాలూ వంటయందు పులుపు సిర్కానుండి వచ్చును. కొడగువారి పందికూరకు కాచంపులి యను ఒక కాయరసమును కాచి చిక్కపఱచి వాడుదురు. కొవ్వుగల మాంసమునకు పులుపు కావలెనని అన్ని దేశములవారును కనుగొన్నారు. మనకు చింతపండు కలదు, వేసవిలో మామిడి ఒరుగులు కలవు, వానకాలమున పుంటికూర కలదు. సిర్కా సీసా కొరకు పట్టణమునకు పోనక్కరలేదు.

పుంటికూర చాపులకు ముక్కలను పైన చెప్పినట్లే ఎఱ్ఱచేసి, చింతపండు లేకుండ నీటితో మూతక్రింద అర్ధగంట ఉడికించి, పిమ్మట అర్ధకిలో పుంటికూర ఆకును, ఆఱు పచ్చిమిరపకాయలను వేసి ఇంకొక పావుగంట ఉంచవలెను. ఎఱ్ఱకాడ పుంటికూర పులుపు హెచ్చు గనుక అదైనచో కొంత తగ్గింపవచ్చును. ఆకు మొదటనే వేసినచో నల్లబడి జిగటయగును. ఈ వంటకును చింతపండు వంటకును అల్యూమినియము గిన్నె పనికిరాదు. పులుపు ఆ లోహమును తినివేయును. మట్టికుండ గాని, ఇనుము గాని, స్టీలు గాని వాడవలెను. చివర ఎల్లిగడ్డ ఎండుమిరప పోపు. ఇది అన్నములోనికి.

ఆదిలాబాదు అడవి ప్రాంతమువారు తొలకరి పిమ్మట వచ్చు వెదురు చిగుళ్లను ఇట్లే కలుపవచ్చును. నాగాదేశమున పందిమాంసమునకు వెదురు చిగురు ప్రధానమైన తోడు. పచ్చి చిగురులో విషపదార్థముండును గనుక సన్నగా కోసి, ఉడికించి, ఆ నీటిని మాత్రము తప్పక పారబోసి పిమ్మట వాడవలెను.

మూడవది మక్కపిండి ముక్క. మేము వండి చూపినవానిలో పిల్లలు కొట్లాడుకొన్నది దీనికొఱకే. పాశ్చాత్యులు చాపు ముక్కలకు ఎండురొట్టె పొడి అద్ది వేయింతురు. మక్కలు పండించు జిల్లాలో రొట్టెపొడి కొనుట ఏల? దీనికి మాత్రము ముక్కలు అర వ్రేలి మందమున నుండవలెను. ఎముక తీసి, రోకలిబండతో మెల్లగా తట్టి సమముగా పలుచన చేయవలెను. పసుపు, మిరియపు పొడి పట్టించి, గిలకొట్టిన కోడిగ్రుడ్డులో ముంచి, గరుకుగా విసరిన మక్కపిండిలో రెండు చెంచాల నువ్వులు కలిపి దానిపై గట్టిగా అదుమవలెను. పది నిమిషములు అట్లే ఉంచినచో పూత ఊడదు. వ్రేలి లోతు నూనెలో నడిమి మంటపై వైపునకు నాలుగు నిమిషములు. పూత ఆవిరిని లోపల నిలుపును గనుక లోపలి కండ తడిగా నుండును. దింపి అయిదు నిమిషములు జల్లెడపై ఉంచి, ఒకదానిని కోసి చూచి పెట్టవలెను. ఉల్లిగడ్డ చక్రములు, నిమ్మరసము చాలును. పాత మక్కపిండి చేదెక్కును. ఆ వారమున విసరినదే వాడవలెను.

వంట బాగుపడవలెనన్న పంది బాగుపడవలెను. కొట్టములో కట్టి, మక్కలు, నూకలు, తవుడు పెట్టి పెంచిన పందికిని, మోరీలో పెరిగిన పందికిని మాంసమున గల భేదము తినినవారికి తెలియును. పందిపిల్లలను పెంచదలచిన సభ్యులు విడివిడిగా గాక జట్టుగా చేరి సంఘమువలన దాణా కొన్నచో వెల కలసివచ్చును. ఆడపంది సుమారు 114 దినములకు ఈనును. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమువారు దేశవాళి పందిని యార్క్‌షైరు పందితో సంకరముచేసి ఒక మేలుజాతిని వృద్ధిపఱచిరి. మన సమీపమున కోరుట్లలో పశువైద్య కళాశాల కలదు. సలహాకు దూరము పోనక్కరలేదు. హోటళ్ల ఎంగిలిని కాచకుండ పెట్టరాదు. 2020లో మన దేశమునకు ఈశాన్యమున ప్రవేశించిన ఆఫ్రికా పందిజ్వరము అట్టి ఎంగిలి మాంసమువలననే ఒకచోటినుండి ఒకచోటికి పోవుచుండును. అది మనుష్యునకు అంటదు గాని మందను ఒక్క వారమున తుడిచిపెట్టును. కొట్టము ఇంటికి దూరముగా నుండవలెను. వరిమళ్లలో పుట్టు దోమ పందిని కుట్టి పిమ్మట పిల్లవానిని కుట్టినచో మెదడువాపు జ్వరము రావచ్చును. పిల్లలకు దాని టీకా వేయించుట మరువరాదు.

పందులు పెంచు కుటుంబములను మన గ్రామములలో ఊరి చివర ఉంచి, వారి వస్తువును మాత్రము పండుగనాడు ఊరి నడుమకు తెచ్చుకొనుచున్నాము. వారు మన సంఘములలో సభ్యులుగా ఎందఱున్నారో పట్టికలు చూచిన తెలియును. కొట్టము కట్టుటకు అప్పు ముందుగా దొరకవలసినది వారికే.

మిగిలిన కూర సంగతి యొకటి చెప్పవలసియున్నది. మన వేసవిలో వండిన మాంసము గంటకు మించి బయట నిలువరాదు. చలికాలమునను రెండు గంటలే. మఱునాటికి ఉంచదలచినవారు వెడల్పు గిన్నెలో పోసి త్వరగా చల్లార్చి శీతలపెట్టెలో పెట్టవలెను. ఉదయమున పైన పేరిన తెల్లని కొవ్వును తీసి వేఱుగా కరగించి, బట్టతో వడియగట్టి, మూతగల గిన్నెలో అదే శీతలపెట్టెలో దాచినచో వంకాయ వేపుడునకు చక్కగా పనికివచ్చును. పులుసును తెర్లువఱకు కాచి, ముక్కలను ఎముకనుండి ఊడదీసి అందులో వేసి, నాలుగు ఉడికిన ఉలవల గరిటెలు కలిపినచో, ఆఱుగురు తిన్న కిలో మాంసము మఱునాటి ఉదయమున మరల నలుగురికి వచ్చును.